సమాధుల తోటలో చెంచలాకు

ఆళ్లగడ్డలో ఒక వానాకాలమంతా చచ్చిపోయినవాళ్లు బతికున్నవాళ్లకు కూడు పెట్టారు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమంటే మాత్రం కొంచెం ఆలోచిస్తాను. కూడు అంటే కూడు కాదు, కూర. బతికున్నవాళ్లు అంటే ఊరంతా కాదు, రెండిళ్ల వాళ్లూ నేనూ. చచ్చిపోయినవాళ్లలో కూడా అందరూ పెట్టలేదు. మా సమాధుల తోటలో పడమటి గోడ పక్కన ఉన్నవాళ్లే పెట్టారు. మిగతావాళ్లు బతికినన్నాళ్లూ పిసినారులే, ఇప్పుడు మాత్రం ఎందుకు మారతారు? ఇంతకంటే వెనక్కి తగ్గమంటే తగ్గను.

ఆ కూర వండినవాడు యేసురత్నం. మా చర్చి సమాధుల తోటకు కాపలాదారు, గుంతలు తవ్వేదీ అతనే. మనిషి పొడుగు, మాట పొట్టి. అతనికి ఒక చెడ్డ అలవాటుంది. ఎవరు ఎదురుపడినా తల నుంచి కాళ్లదాకా ఒక్కసారి చూస్తాడు. పొడుగు కొలుస్తున్నాడని మనకు తెలిసిపోతుంది. పెళ్లి విందుల్లో అతని ఎదురుగా కూర్చోవడానికి మా వయసువాళ్లెవరూ ఇష్టపడరు. నేను కూర్చుంటాను గానీ, నడుం వంచి కూర్చుంటాను.

వయసులో ఉన్నప్పుడు అతను హైవే పక్కన శిల్పాల షెడ్లలో రాళ్లు మోసేవాడు. అక్కడ విగ్రహాలు చెక్కే చేతులే మా వాళ్ల సమాధులకు శిలువలూ పేర్లూ చెక్కి పెడతాయి. అతని భార్య హన్నమ్మ రెండో కాన్పులో పోయింది. ఒంట్లో రక్తం లేదని ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. ఇంట్లో అందరికీ పెట్టి చివర మిగిలింది తినే మనిషి, ఏం పట్టించుకుంటుంది? కాన్పయ్యాక రక్తం ఆగలేదు. నంద్యాల తీసుకుపోయే దారిలోనే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. పడమటి గోడ పక్కన ఆ గుంత యేసురత్నం తన చేతులతో తవ్వాడు. ఆ తర్వాత చర్చివాళ్ల పార తిరిగి ఇవ్వలేదు. అట్లా ఆ ఉద్యోగం అతనిదైంది.

మొదటి కాన్పులో పుట్టిన కరుణను ఒక్కడే పెంచాడు. పెళ్లయి ఆ పిల్ల కొలిమిగుండ్ల వెళ్లింది. భర్త అజయ్ కుమార్ బెలుం గుహల దగ్గర గైడు. పొద్దున భూమిలోకి దిగి సాయంత్రం పైకొచ్చే ఉద్యోగం. మామా అల్లుళ్లిద్దరికీ భూమి కిందే పని అని నేనొకసారి అంటే యేసురత్నం నవ్వలేదు.

కరుణ మొదటి కాన్పుకు నాయన దగ్గరికి వచ్చింది. నంద్యాల ఆస్పత్రిలో పరీక్ష చేసి, రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. అక్కడి నర్సు ప్రమీల ఓపికగా అన్నీ చెప్పింది. ఇనుము మాత్రలు మానొద్దు, కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకో. రోజూ ఆకుకూర తిను, మీద నిమ్మకాయ పిండుకో. తిన్న వెంటనే టీ తాగొద్దు. పల్లెల్లో గలిజేరు లాంటివి మందని మింగిస్తారు, కడుపుతో ఉన్నప్పుడు అట్లాంటివి అడక్కుండా ముట్టొద్దు. ఇన్ని మాటల్లో యేసురత్నం చెవిలో గట్టిగా పడింది ఆకుకూర ఒక్కటే. తిరుగు బస్సులో కూతురి పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ ఆమెను తల నుంచి కాళ్లదాకా చూశాడు. చూశానని తనకే తెలిసి, ఆళ్లగడ్డ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఈ సంగతి కరుణే నాతో చెప్పింది. చెబుతూ చేతులు రుద్దుకుంది, చలేస్తున్నట్టు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. సమాధుల మధ్య చెంచలాకు, గురుగు, పాయలాకు మోకాలెత్తు లేచాయి. ఇవి మా నాయనమ్మల కాలంలో కూరలు. ఇప్పుడు కలుపు. పొలంలో మొలక కనబడితే చాలు, గడ్డిమందు కొడతారు. మందు చుక్క పడని మన్ను ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎక్కడైనా మిగిలిందంటే అది సమాధుల మధ్యనే. అక్కడ మందు కొట్టాలనే ఆలోచన అప్పటికింకా ఎవరికీ రాలేదు. ఏటా ఆ ఆకంతా పెరికి గోడ అవతల బర్రెలకు వేసేవాడు యేసురత్నం.

ఒక పొద్దున నేను మా తమ్ముడి సమాధి చూడటానికి పోతే, అతను హన్నమ్మ పక్కన గొంతుక్కూర్చుని చెంచలి చివుళ్లు తుంచుతున్నాడు. బర్రెలకు కోసేవాడు చివుళ్లు ఏరడు, తుండుగుడ్డలో మెల్లగా పరచడు. నాకు వెంటనే అర్థమైంది.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"ఆకు."

"ఎవరికి?"

"తినేటోళ్లకు."

"కరుణకు తెలుసా యాడిదో?"

అతను లేచి నిలబడి, నన్ను తల నుంచి కాళ్లదాకా చూశాడు. "అన్నా, నీ కొలత నాకు తెలుసు. ఎవరికన్నా చెప్పినావంటే అంతకు జానెడు పొట్టిగా తవ్వుతా. ముడుచుకోని పండుకుందువు."

నా జీవితంలో నేను కడుపులో దాచుకున్న రహస్యం అదొక్కటే.

నేను నంద్యాలలో కాన్వెంటులో చదివినవాణ్ణి. సిస్టర్లు మాకు విటమిన్లను ప్రార్థనలాగా వల్లె వేయించారు. కళ్లకు ఏ, పళ్ల చిగుళ్లకు సీ, రక్తానికి ఇనుము, ఎముకకు సున్నం. పుస్తకంలో బొమ్మ మాత్రం క్యాబేజీది. ఆ చలిదేశపు గడ్డను మేము ముగ్గుర్లో ఇద్దరం కళ్లతో చూడలేదు. బడి గోడ వెంబడి ఆ విటమిన్లన్నీ కాళ్లకు తగులుతుంటే తొక్కుకుంటూ పోయి క్యాబేజీ గురించి రాసి మార్కులు తెచ్చుకున్నాం. చెంచలి, గురుగు, పొన్నగంటి, పాయలాకు - బజారులో దొరికే కూరలకు ఇవి ఏమీ తీసిపోవు. కొన్ని విషయాల్లో వాటికంటే మేలు. అయితే మంచితోబాటు జాగ్రత్త కూడా చెప్పాలి. పాయలాకులో ఆక్సలేటు అనే పులుపు ఉప్పు ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దాని జోలికి పోకూడదు. ఇంకో సంగతి, ఆకు తన కింది మన్నులో ఏముంటే అది తాగుతుంది, తన మీద ఏది పడితే అది మోస్తుంది. చూడటానికి మాత్రం పచ్చగానే ఉంటుంది.

యేసురత్నం రోజూ వండాడు. చెంచలాకూ కందిబేడలూ కలిపి ఉడికించి, పచ్చిమిరపకాయలు వేసి, దించాక నిమ్మకాయ పిండి, వేడి సంగటిలోకి పెట్టేవాడు. కరుణ అడిగేది, ఈ ఆకు యాడిది నాయనా అని. కాలవ గట్టుది అనేవాడు. నిజం చెబితే ముట్టదని అతనికి తెలుసు. మనలో ఎవరు మాత్రం ముడతారు? సమాధి మీది పూవు ఇంటికి తెచ్చుకోం, అక్కడి మన్ను చెప్పుకు అంటితే గేటు దగ్గరే దులుపుకుంటాం. కానీ ఆ మనిషి లెక్క వేరు. ఆకు మొదట హన్నమ్మ మీదే కోసేవాడు. అది చాలకపోతేనే పక్కవాళ్ల దగ్గరికి పోయేవాడు. ఎందుకని నేను అడగలేదు. కడుపుతో ఉన్న కూతురికి తల్లి పెట్టాలి. ఆ తల్లి ఉన్నది అక్కడ.

కొన్నాళ్లకు కరుణ బుగ్గల్లో రంగు వచ్చింది. నంద్యాలలో మళ్లీ పరీక్ష చేస్తే రక్తం పెరిగిందన్నారు. మాత్రలూ కూరా రెండూ పని చేశాయని, రెండూ ఆపొద్దని ప్రమీల చెప్పింది. అంతా బాగున్నట్టే ఉంది. నాకు మాత్రం ఏదో గుబులు. ఒకరోజు నాకూ ఒక గిన్నె పెట్టారు. తింటుంటే కరుణ మామూలుగా అంది, "పెదనాయనా, ఈ కూర తింటాంటే అమ్మ మతికి వస్తాండాది. అమ్మ మొగం కూడా నాకు తెల్దు, అయినా వస్తాండాది."

యేసురత్నం పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చున్నాడు, ఇటు తిరగలేదు.

వాళ్లింటి ఎదురుగా శేషయ్య చిల్లర అంగడి. ఆయన భార్య లక్ష్మీదేవి ఆ ఆకు లేతదనం చూసి మనసుపడి, మాకూ రెండు పిడికిళ్లు తెచ్చివ్వప్పా అంది. కాదంటే ఎందుకని అడుగుతుంది. అట్లా ఆ ఇంటికీ మా పడమటి గోడ ఆకు పోవడం మొదలైంది. శేషయ్య ఆచారవంతుడు. ఉల్లిపాయ కూడా రోజు చూసి తినేవాడు. ఆయన చెంచలాకు పప్పు తిని, ఇట్లాంటి రుచి చిన్నప్పుడు తిన్నానని మెచ్చుకుంటుంటే నేను అంగడి బల్ల మీద కూర్చుని పైకప్పు చూసేవాణ్ణి.

నవంబరు దగ్గరపడింది. నవంబరు రెండున మాకు సమాధుల పండుగ. అంతకు ముందే సమాధులకు సున్నం కొట్టి, పేర్లకు నల్లరంగు దిద్ది, గడ్డి పీకి శుభ్రం చేయాలి. ఆ పీకుడంతా యేసురత్నం నడుం మీద పడేది. ఈసారి చర్చి కమిటీలో ప్రభుదాసు ఒక మంచి మాట అన్నాడు. యేసురత్నం కూతురికి నెలలు నిండుతున్నాయి, ఆయనకు ఈ చాకిరీ తప్పిద్దాం, గడ్డిమందు కొట్టిస్తే ఒక పూటలో పని అయిపోతుంది అన్నాడు. అందరూ సరేనన్నారు. మా చర్చి కుర్రాడు ఫిలిప్‌కు పొలం ఉంది, మందు కొట్టే డబ్బా ఉంది, ఊరికే కొడతానన్నాడు. ఆ మనిషికి సాయం చేద్దామని, చెప్పకుండా చేసి ఆశ్చర్యపరుద్దామని అనుకున్నారు. ఆ గడ్డి ఎవరైనా తింటారని వాళ్లెట్లా ఊహిస్తారు? తింటున్నామని యేసురత్నం ఎవరికి చెప్పాడు?

ఫిలిప్ మందు కొట్టిన రోజు యేసురత్నం, కరుణ స్కానింగుకు నంద్యాల పోయారు. చీకటి పడే వేళకు వచ్చారు.

మరునాడు పొద్దున నేను బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఫిలిప్ వచ్చి పక్కన కూర్చున్నాడు. సమాధుల తోట ఈసారి అద్దంలాగా ఉంటుందని మొదలుపెట్టాడు. నాలుగైదు దినాలు పచ్చగానే నిలబడి ఉంటుంది పెదనాయనా, మందు పడినట్టే తెల్దు, ఆ తర్వాత వేరుతో సహా మాడిపోతుంది అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నాను, పగిలిన చప్పుడు వెనక నుంచి వినిపించింది. నా మోకాళ్లు కాన్వెంటు రోజుల తర్వాత పరిగెత్తలేదు. ఆ రోజు పరిగెత్తాయి. శిల్పాల షెడ్ల ముందు నుంచి పోతుంటే ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ నా వీపు మీద పడ్డట్టే ఉంది.

అప్పటికే యేసురత్నం తెల్లవారుజామునే తోటకు పోయి వచ్చాడు. ఆకు మీద తడి ఉంటే మంచు అనుకున్నాడు. ఎవరో అప్పటికే సున్నం కొట్టడం మొదలుపెట్టారు, ఆ ఘాటులో ఇంకో వాసన తెలియలేదు. నేను పోయేసరికి కరుణ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. పళ్లెంలో సంగటి, కూర. అంచున కొంత తిన్నట్టు గుంత పడి ఉంది.

"యేసురత్నం, నిన్న సమాధుల కాడ గడ్డిమందు కొట్టినారు. ఫిలిప్ చెప్పినాడు," అన్నాను.

అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కరుణ నన్ను చూసి, నాయనను చూసి, "కొడితే కొట్టనీ పెదనాయనా, దానికి అంత ఎగపోస్తాండావేంది?" అని ఇంకో ముద్ద ఎత్తింది.

"ముద్ద దించు," అన్నాడు యేసురత్నం.

"ఏందీ నాయనా?"

"దించమ్మా. అది కాలవ గట్టుది కాదు." ఇంకా ఏదో సర్దిచెప్పబోయి ఆగిపోయాడు. "మీ అమ్మ కాడిది. అన్ని దినాలూ ఆడిదే."

కరుణ చెయ్యి గాలిలోనే ఆగింది. ముద్ద పళ్లెంలో పడింది. ఆమె అరవలేదు. పీట మీద నుంచి లేచి, గోడ పట్టుకుని, వాకిలి చివరికి పోయి కక్కింది. అది మందు వల్లనో, ఆ మాట వల్లనో నేను చెప్పలేను.

ఆటోలో ఆమెను ఎక్కించుకుని యేసురత్నం నంద్యాల బయలుదేరాడు. పోతూ ఒక్క మాట అన్నాడు, శేషయ్య శెట్టిగారింట్లోనూ ఇచ్చినా అని. నేను అంగడికి పోయాను. లక్ష్మీదేవి ఆకు కడిగి చేటలో పోసి, బేడలు ఉడకడానికి చూస్తూ కూర్చుంది. కాలవ గట్టున మందు కొట్టారంటమ్మా, ఆ ఆకు వద్దు, గొడ్లకు కూడా వేయకుండా పూడ్చిపెట్టు అన్నాను. ఆమె చేట కింద పెట్టి, చేతులు మళ్లీ మళ్లీ కడుక్కుంది. నా మాటల్లో సగం కొట్టేసి వినే శేషయ్య ఆ మాటను పూర్తిగా నమ్మాడు. నేను చెప్పిన అబద్ధాల్లో ఎవరూ అనుమానించనిది అదొక్కటే.

ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. మందు పేరు కావాలి, డబ్బా తెమ్మన్నారు. ఫిలిప్ ముఖం అప్పటికే మన్నులా మారింది. తన దగ్గర రెండు రకాల మందులున్నాయట. ఏది కొట్టాడో ఒక క్షణం గుర్తుకు రాలేదు. పశువుల కొట్టంలోకి పోయి, గోనెసంచుల కింద వెతికి, రెండు డబ్బాలూ తీసుకొచ్చాడు. వాసన చూసి, మూత తిప్పి చూసి, ఇదే అన్నాడు. ఇదేనా అన్నాను. ఇదే అనుకుంటా అన్నాడు. అతని మోటారుసైకిలు మీద, ఆ డబ్బాలు రెండూ ఒళ్లో పెట్టుకుని, నంద్యాలదాకా నేను చేసిన ప్రయాణం గురించి నాకు కట్టుకథలేవీ రావు.

డాక్టరమ్మ రెండు డబ్బాల మీద రాసింది చదివింది. వాడినదేదని అడిగింది. ఫిలిప్ చూపించాడు. ఆమె రెండోదాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఇది కాకపోవడం..." అని, మాట పూర్తి చేయకుండా బల్ల కిందికి తోసేసింది. తిన్నది తక్కువ, కక్కింది కాబట్టి కొంత మేలు, అయినా ఇప్పుడే ఏమీ చెప్పలేం, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఉండాలి అంది.

యేసురత్నం వరండాలో నేల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. దారిన పోయే ఎవరినీ అతను చూడటం లేదు. తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు. ఆకు పసరు ఇంకా గోళ్లలో ఉంది.

"బిడ్డకు ఆమె పెడతాండాది అనుకుంటి అన్నా," అన్నాడు. "కాదు, తన కాడికి పిలుస్తాండాదేమో."

ఇట్లాంటి మాటకు కాన్వెంటులో నాకేమీ నేర్పలేదు. లోపల గదిలో బిడ్డ గుండె చప్పుడు వినిపించే యంత్రం ఆగి ఆగి కొట్టుకుంటోంది. అది ఆగినప్పుడల్లా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ప్రమీల వచ్చి, ఆ ఆగడం యంత్రానిదేనని, తీగ సరిగా తగలడం లేదని చెప్పి సరిచేసింది. ఆ తర్వాత కూడా యేసురత్నం ఊపిరి బిగబట్టడం మానలేదు.

కరుణను కొన్ని రోజులు అక్కడే ఉంచుకుని పంపారు. సమాధుల పండుగకు తోటంతా తెల్లగా, కింద నేలంతా తుప్పు రంగుతో మాడి ఉంది. కొవ్వొత్తులు వెలిగించడానికి వచ్చినవాళ్లు ఎంత శుభ్రంగా ఉందోనని మెచ్చుకున్నారు. కరుణ గేటు దాటి లోపలికి రాలేదు. బయటే నిలబడి పడమటి గోడ వైపు చూసింది. నాయనతో ఆమె అప్పటికి మాట్లాడటం లేదు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. రక్తం కొంచెం పోయింది గానీ, ఒంట్లో ఉన్నది సరిపోయింది. మాత్రలు, ఆకు కలిసి కూడబెట్టిన రక్తమది. డాక్టరమ్మ ఆ మాటే అంది, తల్లి గట్టిగా ఉండబట్టి గట్టెక్కిందని. అది కరుణ వింది. విన్నాక నాయన వైపు చూసి, బిడ్డను ఎత్తుకోమని అతని వైపు చాపింది. ఇప్పటికీ ఆ ఇంట్లో ఆకుకూర వండితే బజారుదే వండాలి, అదీ ఆమె ఉప్పునీళ్లలో కడిగి కడిగి వండాలి.

కమిటీ వాళ్లు మరుసటి ఏడు మళ్లీ మందు సంగతి ఎత్తారు. యేసురత్నం లేచి, మందు కొడితే మీ గుంతలు మీరే తవ్వుకోండి అన్నాడు. ఒక్కొక్కరినే తల నుంచి కాళ్లదాకా చూశాడు. తీర్మానం అక్కడే ఆగిపోయింది. తోటలో చెంచలి మళ్లీ మొలిచింది, మునుపటికంటే దట్టంగా. ఎవరూ కోయరు. అంత మంచి ఆకు, అంత రక్తం, గోడ పక్కన ముదిరి గింజ కట్టి ఎండిపోతుంది. దాన్ని చూసినప్పుడు నాకు నోరూరుతుంది, భయమూ వేస్తుంది.

ఇదంతా రాసి యేసురత్నానికి చదివి వినిపించాను. అతను పార మీద గడ్డం ఆనించి చివరిదాకా విన్నాడు. శేషయ్య పేరు వచ్చినప్పుడు ఒకసారి, కరుణ పేరు వచ్చినప్పుడల్లా ఒకసారి కళ్లు మూశాడు.

"ఇవేవీ జరగల్యా అన్నా," అన్నాడు. "నా బిడ్డకు రక్తం ఎప్పుడూ తక్కువ ల్యా. సమాధుల కాడ ఎవరూ మందు కొట్టల్యా. నేను ఆడ ఆకు కోసింది ల్యా, ఎవరికీ పెట్టింది ల్యా. చెంచలాకు ఎట్లుంటాదో కూడా నాకు తెల్దు."